వాసన లేని పొట్లం

వేళచ్చేరి స్టేషన్ మెట్ల దగ్గర పూలమ్మే మనిషి "ఉదిరియా, కట్టినదా?" అని అడిగితే సీతాదేవి విడిపూల గంప వంకా, కట్టిన మూరల వంకా చూసింది. యాభై ఆరేళ్ళ ఆడమనిషి పూలు కొంటే తలలోకో, దేవుడి పటానికో మూరల లెక్కన కట్టినవే కొంటుంది గాని విడిపూలతో ఏం పని? విడివే కావాలంది చివరికి. మల్లెలు ఒక కవర్లో, కనకాంబరాలు ఇంకో కవర్లో. రెండూ కలిపి వేయబోతుంటే చెయ్యి అడ్డం పెట్టింది. పూలామె ఆమె ముఖంలోకి చూసి, "ఓ, పూ కట్టి పాక్కవా!" అని, పూలు కట్టి చూసేదానికా అన్నట్టు నవ్వి, మంచే వస్తుందిలే పొమ్మని అరవంలో దీవించి, ఇంకో గుప్పెడు మల్లెలు వేసింది. ఒకే రంగు పూలకు గుప్పెడు ఎక్కువ పడింది. ఇదేమన్నా శకునమా అనుకుంది సీతాదేవి. అనుకున్నందుకు తనమీద తనకే విసుగొచ్చింది.

ఇప్పుడా కవర్లు రెండూ ఒళ్ళో పెట్టుకొని పదకొండున్నర బండిలో కిటికీ పక్కన కూర్చుంది. చింతాద్రిపేటకు ముప్పావు గంట. అక్కడ పుట్టింట్లో రాజలక్ష్మి అత్త కాచుకొని ఉంటుంది. నాన్న చెల్లెలు, డెబ్బై రెండేళ్ళ మనిషి, పెళ్ళి కాలేదు. కింద దారాల అంగడి, పైన కాపురం, పుట్టిన ఇల్లు దాటి వేరే ఇంట్లో వారం రోజులు వరసగా పడుకున్నది లేదు. ఎడమకన్ను రెండేళ్ళ కిందటే పోయింది. ఇప్పుడు కుడికన్ను. ఆపరేషన్ చేస్తే ఉన్న చూపు నిలవొచ్చు, తేడా జరిగితే ఉన్నది కూడా ఆ రోజే పోవచ్చు, చెయ్యకపోతే ఏడాదికో రెండేళ్ళకో మసక మసకగా అదే ఆరిపోతుంది అన్నాడు డాక్టరు. శుక్రవారానికి చోటుంది, సోమవారం ఒంటిగంటలోపల ఔనో కాదో ఫోన్ చేసి చెప్పండి అన్నారు. ఈ రోజే సోమవారం. తమ్ముడు గురుప్రసాద్ చేయించాల్సిందే అన్నాడు. నాన్న ఉంటే ఒప్పుకొనేవాడు కాడని పక్కింటివాళ్ళు అన్నారు. సీతాదేవి కూతురు ప్రణతి ఆఫీసు నుంచే రెండు పట్టీలు గీసి, ఇటు లాభం అటు నష్టం అని పర్సంటేజీలతో సహా పంపింది. అందరి మాటా విని అత్త పొద్దున ఏడింటికి ఫోన్ చేసింది. "సీతా, వచ్చేటప్పుడు మల్లెలు, కనకాంబరాలు ఎత్తుకోని రా. పూలు కట్టి చూసేస్తాం. నువ్వే తియ్యాల. నీ చెయ్యి మంచి చెయ్యి."

నీ చెయ్యి మంచి చెయ్యి. బండి పెరుంగుడి దాటింది. సీతాదేవి కుడిచేతిని కవరు మీద నుంచి తీసి సీటు మీద పెట్టుకుంది, ఎవరిదో చెయ్యి అయినట్టు.

"ఆంటీ, మల్లెలు ఎంత బాగా వాసనొస్తున్నాయండీ!" పక్కన కూర్చున్న అమ్మాయి చెవిలోని ఇయర్‌ఫోన్ ఒకటి తీసి అంది. ఇందాక బండెక్కుతూ సీతాదేవి ఫోన్లో తెలుగు మాట్లాడటం విని గుర్తుపట్టినట్టుంది. గోదావరి వైపు మాట. మెడలో ఐడీ కార్డు లేదు, ఒళ్ళో ఫైలు ఉంది, ఇంటర్వ్యూకి పోతున్నట్టుంది. ఔనమ్మా, బాగున్నాయి అంది సీతాదేవి. వాసన తనకు తెలియదని చెప్పలేదు. ఆ రెండో కరోనాలో పోయిన వాసన ఇంతవరకు తిరిగిరాలేదు. పోపు మాడితే కళ్ళతో చూసి తెలుసుకుంటుంది, పాలు విరిగితే నాలుకతో. నాలుగేళ్ళుగా ఆమెకు మల్లెపూలంటే తెలుపు, అంతే. కాని విచిత్రం, ఆ పిల్ల వాసన అనగానే ఎక్కడో లోపల, ముక్కుకు కాదు, ఇంకా లోపల, చింతాద్రిపేట మేడమీది దేవుడి గది కదిలింది. ఎర్రగచ్చు నేల, సాంబ్రాణి, తడిపిన అరటినార, అవ్వ కట్టుకున్న పట్టుబట్టకు ఉండే పెట్టె వాసన.

అమ్మాయి మళ్ళీ ఫోన్లో పడింది. అవతల స్నేహితురాలు కాబోలు. "ఒసేయ్, వాళ్ళు డెసిషన్ మేకింగ్ అని అడుగుతారంట కదే, నీ లైఫ్‌లో నువ్వు తీసుకున్న కష్టమైన డెసిషన్ చెప్పు అని. నేనేం చెప్పనే? బీటెక్ మా నాన్న చేర్చాడు, చెన్నైకి పాత కంపెనీవాళ్ళు వేశారు, హాస్టల్ నువ్వు చూశావు, ఈ డ్రెస్సు కూడా నువ్వే వేసుకెళ్ళమన్నావు. నవ్వకే! లేదే, సీరియస్‌గా, ఏదో ఒకటి అల్లి చెప్పవే." సీతాదేవికి నవ్వొచ్చింది. నవ్వుతూనే ఆలోచనలో పడింది, ఈ ప్రశ్న తనను అడిగితే తనేం చెబుతుంది? పొద్దున లేచింది మొదలు ఇడ్లీకా, దోసెకా, ఈ కూర ఈ రోజుకా, రేపటికా, ఆయనకు మాత్రలు ముందా కాఫీ ముందా, పనిమనిషి రాకపోతే గిన్నెలు ముందా గుడ్డలు ముందా అని తొమ్మిది కాకముందే నలభై తేల్చేస్తుంది. వాటిని ఎవరూ డెసిషన్లు అనరు. పని అంటారు. ప్రణతి ఆఫీసులో మాత్రం వాటికోసం ఒక గది, ఒక బోర్డు, రంగురంగుల పెన్నులు ఉన్నాయట.

చింతాద్రిపేట ఇంట్లో నిర్ణయం అనే మాట ఎవరి నోటా విన్న గుర్తు లేదు. అది రేడియో వార్తల్లో వచ్చేది, మంత్రివర్గం తీసుకొనేది. ఇంట్లోవాళ్ళు "చూద్దాం" అనేవాళ్ళు. గోపాలయ్య తాత "చూద్దాంలే" అంటే వద్దని అర్థం, "చూస్తాం" అంటే జరగొచ్చునని, ఏమీ అనకుండా కండువా దులిపి భుజాన వేసుకుంటే సరేనని. అవ్వ "మీ ఇష్టం" అందంటే ఇక ఎవరి ఇష్టమూ సాగదని. అమ్మ ఎప్పుడూ "నాదేముంది" అనేది, నిజంగానే ఏమీ ఉండేది కాదు. రాజలక్ష్మి అత్తను ఎవరూ ఏమీ అడిగేవాళ్ళు కారు గనక ఆమె ఏమనేదో తెలియదు. ఇక తాత చూద్దామని చూస్తామని ఎటూ చెప్పలేకపోయినప్పుడు, అవ్వ ఇష్టానికి తాత కండువా దులపనప్పుడు, పూలు. అరటాకు రెండు ముక్కలు కోసి, ఒకదానిలో మల్లెలు, ఒకదానిలో కనకాంబరాలు పెట్టి, ఒకే కొలతకు మడిచి, తడినారతో కట్టి, పెరుమాళ్ పటం ముందు పెట్టేవాళ్ళు. మల్లెలు వస్తే చెయ్యొచ్చు, కనకాంబరాలు వస్తే వద్దు. తీయాల్సింది ఇంకా పెద్దమనిషి కాని ఆడపిల్ల. ఇంట్లో అలాంటి ఆడపిల్ల తనొక్కతే. ఐదో ఏటి నుంచి పన్నెండో ఏటి దాకా ఆ ఇంట్లో జరిగినవీ జరగనివీ అన్నీ తన చేతి మీదుగానే పోయాయి. తలంటి పోసి, పావడా కట్టి, కళ్ళు గట్టిగా మూసుకోమని అవ్వ వెనక నుంచి అరచేతులతో కప్పేది.

కళ్ళు కప్పేవాళ్ళు. ముక్కు సంగతి అంతమంది పెద్దవాళ్ళలో ఒక్కరికీ తోచలేదు. పూజగది అన్నాక వాసనలు ఉంటాయి, సాంబ్రాణి ఉంటుంది, కర్పూరం ఉంటుంది, ఆ ఇంట్లో ఏ తరం నుంచి మల్లెలూ కనకాంబరాలే వాడుతున్నారో మరి, తెలుపు ఒకటి, ఎరుపు కలిసిన పసుపు ఒకటి, చూడగానే తెలిసిపోయే రంగులు అని వాడారు. కనకాంబరానికి వాసన ఉండదు. ఆరో ఏట ఒకసారి వంగి చెయ్యి చాపుతుంటే తెలిసింది, కుడివైపు పొట్లం మల్లెలని. తెలిశాక తెలియనట్టు ఉండటం చేతకాలేదు. అంగడి షావుకారుపేటకు మార్చాలా అన్నప్పుడు వాసన లేనిది తీసింది, మార్చేస్తే వీధి చివర ఐసు అమ్మే సుబ్బన్ దూరమైపోతాడని. అవ్వ కాశీయాత్రకు పోవాలా అన్నప్పుడు వాసన ఉన్నది తీసింది, గాజులు తెస్తానందని. అంగడి అక్కడే నిలిచి కలిసొచ్చింది. అవ్వ కాశీ పోయి కులాసాగా తిరిగొచ్చింది. "ఈ పిల్ల చెయ్యి మంచి చెయ్యి" అని బంధువులు కూడా తమ ఇళ్ళకు పిలిపించుకొనేవాళ్ళు. పటిక బెల్లం పెట్టేవాళ్ళు. ఎంత గర్వంగా ఉండేది!

కొట్టూర్‌పురం. కింద అడయారు ఏరు, ఎండకు తగరపు రేకులా మెరుస్తోంది. మే నెల. అది కూడా ఎండాకాలమే, కాదు, ఎండాకాలం మొదట్లో, తనకు ఎనిమిదేళ్ళు. అత్తకు వ్యాసర్పాడి నుంచి సంబంధం వచ్చింది. వెంకటాచలపతి, రైల్వేలో గుమాస్తా. మనవాళ్ళే గాని వ్యాపారస్థులు కారు, అదీ తాత సంకోచం. సర్కారు ఉద్యోగం, నెల తిరిగితే జీతం, అదీ అవ్వ మొగ్గు. ఆ మనిషి వచ్చినరోజు అంగట్లోనే కూర్చోబెట్టారు. అత్త అప్పుడు ఎవరిదో రవికె గుడ్డకు దారం చూస్తోంది. అత్తకు అప్పటికే ఆ పేరు, రవికె ముక్క ఏదైనా సరే ఒక్క చూపులో సరిపోయే రీలు తీసిస్తుందని. ఎరుపుల్లోనే నలభై ఎరుపులు తెలుసు. లైటు కింద నమ్మేది కాదు, గుడ్డనూ దారాన్నీ పట్టుకొని గుమ్మం దాకా వచ్చి, తల కొంచెం పక్కకు వాల్చి వెలుతుర్లో చూసేది. అలా గుమ్మంలోకి వచ్చినప్పుడు ఆ మనిషి, "ఈ రెండూ ఒకటి గావా?" అని అడిగాడు. "ఒకటి రాణిరంగు, ఒకటి దానిమ్మ" అంది అత్త. "నాకు రెండూ ఎరుపే" అన్నాడతను. అత్త నవ్వింది. మగవాళ్ళ ముందు అత్త నవ్వటం సీత చూసింది అదే మొదటిసారి. ఆ వారమంతా అత్త కూనిరాగాలు తీసింది. తన కోసం కొత్త రవికె కుట్టుకుంది, దానిమ్మరంగుది. రాత్రి పక్కన పడుకొని కథ చెబుతూ మధ్యలో ఆగిపోయేది. "ఊఁ, తర్వాత?" అంటే, "యాడ ఉంటిమి?" అనేది. కథ మర్చిపోయే అత్త తనకు కొత్త. ఈమె వెళ్ళిపోతుంది అనుకుంది ఎనిమిదేళ్ళ సీత. వ్యాసర్పాడి ఎంత దూరమో తెలియదు. అమ్మకు నెలలు నిండుతున్నాయి, అమ్మ పక్కన చోటు లేదు. అత్త పోతే తన పక్కన ఎవరు పడుకుంటారు?

పూలు కట్టారు. అవ్వ అరచేతులు కళ్ళ మీద. చెయ్యి చాపింది. కుడివైపున మల్లెలు గుప్పుమన్నాయి. ఎంత గట్టిగానంటే ఈ నలభై ఎనిమిదేళ్ళలో ఆ వాసన ఒక్కటే ఆమెకు మొత్తం జ్ఞాపకం ఉంది, ఇప్పుడు ఒళ్ళో అరకవరు మల్లెలు ఉండి కూడా రాని వాసన. చెయ్యి కుడివైపు పోయింది, ఆగింది, ఎడమవైపు జరిగింది. నార విప్పింది అవ్వే. కనకాంబరాలు. "స్వామికి ఇష్టం లేదు" అన్నాడు తాత, కొంచెం తేలికపడినట్టుగానే. అందరూ లేచారు. అత్త గుమ్మం పక్కన నిలబడి ఉంది. "సరి, పాలు పొంగతాయి" అని వంటింట్లోకి పోయింది. అంతే. అంతకన్నా ఏమీ జరగలేదు. ఏడుపు లేదు, అలక లేదు. దానిమ్మరంగు రవికె మాత్రం పక్కింటి పిల్లకు ఇచ్చేసింది. ఆ తర్వాత రెండు సంబంధాలు వచ్చి వాటంతటవే తప్పిపోయాయి. తాత పోయాడు. నాన్నకు గుండెనొప్పి వచ్చాక అత్త అంగట్లో కూర్చుంది. ముప్పై ఏళ్ళు, నలభై ఏళ్ళు. మైలాపూరు నుంచి కూడా రవికె ముక్కలు పట్టుకొని వచ్చేవాళ్ళు. సీతాదేవి పెళ్ళయి, పిల్ల పుట్టి, పండక్కి పోయినప్పుడల్లా అత్త గుమ్మంలో తల వాల్చి దారం చూస్తూ కనబడేది. ప్రతిసారీ చెబుదామనుకొనేది. ఎలా మొదలుపెట్టాలో తెలియక పిల్ల చదువుల గురించి మాట్లాడి తిరిగొచ్చేది.

తిరుమయిలైలో సగం బండి దిగిపోయింది. లైట్ హౌస్ దగ్గర ఇళ్ళ మిద్దెల మీద ఆరేసిన చీరలు. ఆ కళ్ళు గనక ఇప్పుడు ఈ కిటికీలో ఉంటే ఒక్కో చీరకూ రంగు పేరు చెప్పేవి. ఆ ఒక్క కన్ను. ఆ కంటిని తన చేతిలో పెడతానంటోంది అత్త. మంచి చెయ్యి అట. ఆ రోజుల్లోలాగా ముక్కు పనిచేస్తే తనకు నచ్చింది తీసేది, సందేహం లేదు. చేయిద్దామా, వద్దా, తనకేం నచ్చుతుందో కూడా తెలియదు, అయినా ఏదో ఒకటి తెలిసి తీసేది. ఇప్పుడు ముక్కు కూడా లేదు. పొట్లం ఎటున్నదో నిజంగానే తెలియదు. ఐదో ఏటి తర్వాత మళ్ళీ ఇప్పుడే తను అవ్వ చెప్పిన పద్ధతిలో పూలు తీయబోతోంది, కల్మషం లేకుండా, తెలియకుండా. దీనికి సంతోషించాలి కదా. మరి ఈ కవర్లు రెండూ కిటికీలోంచి పారేయాలని ఎందుకనిపిస్తోంది? అప్పుడు ఎంత తప్పయినా ఒక మనిషి తేల్చింది, ఎనిమిదేళ్ళదే అయినా. ఇప్పుడెవరు తేలుస్తారు? అరటాకా?

చేపాక్కంలో ఇంటర్వ్యూ అమ్మాయి లేచి జుట్టు సర్దుకుంది. "ఆంటీ, ఆల్ ద బెస్ట్ చెప్పండి." చెప్పింది. చెప్పి, ఎందుకో ఆగలేక, "ఏదో ఒకటి అల్లి చెప్పబాకమ్మా. ఇంతవరకు ఎవరూ నన్ను అడగలేదు, మీరే మొదట అడిగినారని చెప్పు" అంది. అమ్మాయి అర్థం కానట్టు నవ్వి దిగిపోయింది. అన్నాక ఆ మాట తనకే వినిపించింది. ఎవరూ అడగలేదు. కూవం కాలవ దాటి చింతాద్రిపేట వచ్చేదాకా అదే వినిపిస్తూ ఉంది.

అంగట్లో గురుప్రసాద్ ఆమె చేతిలోని కవర్లు చూసి తల పట్టుకున్నాడు. "ఏందక్కా, నువ్వు గూడానా? నువ్వన్నా చెప్తావని ఉంటిని. పన్నెండున్నరయిపోతాంది ఈడ!" పైనుంచి అత్త గొంతు, "నువ్వు అంగడి చూసుకోరా, ఆమెను పైకి రానియ్." దేవుడి గదిలో అరటాకు ముక్కలు కోసి ఉన్నాయి, గిన్నెలో నార నానుతోంది. అత్త పీట వేసుకొని కూర్చొని ఉంది, తల కొంచెం కుడికి వాల్చి.

"దా, దా. ఎండలో వస్తివి. నీళ్ళు తాగి కూచో, కట్టేస్తాను."

"నేను తియ్యను అత్తా."

"ఏం?"

"నాకిప్పుడు వాసన తెలీదు."

"వాసనెందుకే, కళ్ళు మూసుకోని తీసేదానికి?"

అలా వచ్చింది మాట. నలభై ఎనిమిదేళ్ళు ఎలా మొదలుపెట్టాలో తెలియని మాట, అత్తే మొదలుపెట్టిచ్చింది. సీతాదేవి నేల మీద కూలబడి చెప్పింది. కనకాంబరానికి వాసన ఉండదని, ఆరేళ్ళప్పటి నుంచి తనకు తెలుసునని, వ్యాసర్పాడి సంబంధం నాడు కుడివైపున మల్లెలు ఉన్నాయని, తెలిసే ఎడమవైపుది తీశానని. అత్త తల పక్కకు వాల్చి, రంగు సరిచూసే ఆ ఒక్క కంటితో మేనకోడలి ముఖాన్ని చాలాసేపు చూసింది.

"ఎందుకే?"

"నువ్వు పోతే నా పక్కన ఎవరు పండుకుంటారని."

"ఓరి నీ..." అత్త నోరు తెరిచి నవ్వబోయింది, సగంలో నవ్వు ఎటో పోయింది. "నువ్వు నా పక్కన ఎన్నినాళ్ళు పండుకుంటివే తల్లీ? ఆ ఎండాకాలమే ఈ గురుగాడు పుట్టినాడని వాడి ఉయ్యాల కాడికి పోతివి. మళ్ళా నా పక్కకే రాలా." కిటికీ వైపు తిరిగింది. "స్వామి వద్దన్నాడంటే ఏదో మంచికేలే అనుకోని ఉంటిని. ఆ మనిషికి ఏమన్నా జబ్బుండొచ్చు, ఆ ఇంట్లో ఏమన్నా ఉండొచ్చు, అందుకే స్వామి కాపాడినాడు అనుకుంటాంటి. ఇన్నేళ్ళూ."

"నీకు ఇష్టమేనా అప్పుడు?"

"ఎవురు అడిగినారు?"

గురుప్రసాద్ కింద నుంచి టైము అరిచాడు. సీతాదేవి ముందుకు జరిగి అత్త చెయ్యి పట్టుకుంది. సూది పోట్లతో గరుకుదేలిన వేళ్ళు. "నేను అడుగుతాండా. అప్పుడు అడగలా, ఇప్పుడు అడుగుతాండా. గురు ఏమన్నాడో వద్దు, డాక్టరు ఏమన్నాడో వద్దు. కన్ను నీది. నీకేం కావాల అత్తా?"

అత్త ఆ ప్రశ్న ఎలా పట్టుకోవాలో తెలియనట్టు అటూ ఇటూ చూసింది. "అంటే... మీ అందరికీ..." అని మొదలుపెట్టి ఆపేసింది. "నువ్వేమంటావే?" అంది. సీతాదేవి తల అడ్డంగా ఊపింది. వీధిలో చేపలమ్మే బండి అరుచుకుంటూ పోయింది, దాని అరుపు మలుపు తిరిగి ఆగిపోయింది. తర్వాత అత్త, తనలో తాను చెప్పుకుంటున్నట్టు, చాలా మెల్లగా అంది. "మసక మసకగా పొయ్యేవరకు కాచుకోని కూచోలేను. అట్ట కాచుకోని కూచునింది చాలు." కొంగుతో ముఖం తుడుచుకొని చెయ్యి చాపింది. "ఫోను కలిపి ఇట్టియ్. నువ్వు మాట్లాడొద్దు. నేను మాట్లాడతా."

ఆస్పత్రి అమ్మాయి గొంతు గదంతా వినిపించేంత గట్టిగా వచ్చింది, అరవంలో గడగడా. శుక్రవారం ఉంచమంటారా? ఉంచమంది అత్త. మాట్లాడేది ఎవరు, పేషంటు కూతురా, కోడలా?

"పేషంటునే మాట్లాడతాండా."

ఒప్పుకుంటూ సంతకం ఎవరు పెడతారు, ఇంటాయనా, కొడుకా? సీతాదేవి తలెత్తలేకపోయింది.

"ఇంటాయన లేడు, కొడుకు లేడు. నేనే పెడతా. కంటికి మందు వెయ్యకముందే కాయితం ఇయ్యండి, కనబడతాంటది గదా, చదువుకోని పెడతా." అవతల ఆ పిల్ల ఏదో అడిగింది. అత్త ఆ ఒక్క కన్నూ సీతాదేవి మీద నిలిపింది.

"సాక్షికా? సాక్షికి మా సీత వస్తాది."